పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మా లైన్ దగ్గర అవే సందేహాలు వినిపిస్తాయి. విరామంలో ఒకరు మెల్లగా అడుగుతారు, మర్నాడు ఇంకొకరు వచ్చి అదే అడుగుతారు. హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చే పుస్తకంలో వీటికి జవాబులు దొరకవు. సూపర్‌వైజర్‌ని అడగాలంటే మొహమాటం. అందుకే షాప్ ఫ్లోర్ మీద, అంటే ఫ్యాక్టరీలో మెషిన్లు నడిచే చోట పనిచేసే ఉద్యోగిగా నాకు తెలిసినవన్నీ ఇక్కడ ఒకచోట రాశాను. చేరక ముందు నుంచి మానేసే రోజు దాకా వరసలో పెట్టాను. అయినా ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. చట్టాలు, జీతాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటి లెక్కల్లోకి వెళ్లలేదు.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

పెద్ద కంపెనీలో చేరితే మంచిదా, చిన్న వర్క్‌షాపులో చేరితే మంచిదా?

చిన్న వర్క్‌షాపులో ఒకే మనిషి లేత్ నడుపుతాడు, డ్రిల్ వేస్తాడు, వెల్డింగ్ చేస్తాడు, సరుకు కూడా దింపుతాడు. చేతికి రకరకాల పనులు త్వరగా వస్తాయి. పెద్ద ఫ్యాక్టరీలో అంత వెరైటీ ఉండదు. అక్కడ అబ్బేది పద్ధతి. డ్రాయింగ్‌లో ఒక కొలత మారితే ఆ మార్పు ఎవరి సంతకంతో లైన్ దాకా వస్తుంది, కొలతలు చూసే గేజ్ సరిగ్గా చూపిస్తోందని ఎలా నమ్మాలి, ఒకసారి వచ్చిన లోపం మళ్లీ రాకుండా మూలం ఎలా పట్టుకోవాలి, ఇవన్నీ అక్కడ రోజూ కళ్ల ముందే జరుగుతుంటాయి. నా అభిప్రాయం అడిగితే, కెరీర్ మొదట్లో కొన్నేళ్లయినా పెద్ద చోట పనిచేయడం మేలు. అక్కడ అలవాటైన క్రమశిక్షణ చిన్న చోటికి వెళ్లినా పనికొస్తుంది. క్రమశిక్షణ లేని చోట పదేళ్లు పనిచేసి వచ్చినవాళ్లకి మాత్రం కొత్త పద్ధతి పట్టుకోవడం చాలా కష్టమవుతుంది.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలా?" అంటారు. ఏం అడగాలి?

షిఫ్టులు ఎన్ని రోజులకి మారతాయి? ఓటీ (షిఫ్టు దాటి చేసే అదనపు గంటల పని) ఇష్టమైతేనా, తప్పనిసరా? మెషిన్ మీద ఒంటరిగా నిలబెట్టే ముందు ఎంతకాలం పక్కన ఒకరు ఉండి నేర్పిస్తారు? సేఫ్టీ షూస్, కళ్లద్దాలు కంపెనీయే ఇస్తుందా? ఇవి అడగడంలో తప్పేమీ లేదు. వీటికి విసుక్కునే కంపెనీ అయితే, ఆ సంగతి చేరకముందే తెలియడం మంచిదే కదా.

అవకాశం దొరికితే షాప్ ఫ్లోర్ చూపించమనండి. పసుపు గీతల మధ్య నడిచే దారి ఖాళీగా ఉందా, తిరిగే భాగాల మీద గార్డులు ఉన్నాయా, అగ్నిమాపక సిలిండర్ల ముందు సామాను పేర్చారా అన్నవి గమనించండి. ఆఫీసులో ఎంత చక్కగా మాట్లాడినా, ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కి అడ్డంగా పెట్టెలు పేర్చిన ఫ్యాక్టరీని నేను నమ్మను.

కాంట్రాక్టు మీద తీసుకుంటామంటున్నారు. "తర్వాత పర్మినెంట్ చేస్తాం" అంటున్నారు. చేరొచ్చా?

చేరొచ్చు, కానీ నోటి మాట మీద మాత్రం వద్దు. అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి పేరు మీద ఉంది, జీతం ఎవరు వేస్తారు, పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఎవరి బాధ్యత అనే మూడు విషయాలు కాగితం మీద చూడండి. పర్మినెంట్ చేసే పద్ధతి ఏమిటో, పరీక్ష ఏమైనా ఉంటుందో అడగండి. హెచ్‌ఆర్‌ని అడిగిన ప్రశ్నే లైన్‌లో పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగుల్నీ అడగండి: పోయిన బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకున్నారు? ఆ జవాబులోనే అసలు సంగతి ఉంటుంది. ట్రైనింగ్, రక్షణ సామగ్రి విషయంలో కాంట్రాక్టు వాళ్లకి ఒకరకం, పర్మినెంట్ వాళ్లకి ఒకరకం చూస్తున్నారంటే మాత్రం ఆలోచించుకోండి. ఒకే మెషిన్ ముందు నిలబడిన ఇద్దరికీ ప్రమాదం ఒక్కటే.

మెడికల్ టెస్టులో ఏం చూస్తారు? ఏదైనా ఉంటే దాచాలా?

మామూలుగా కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం, వినికిడి, రక్తపోటు చూస్తారు. దుమ్ము, రసాయనాలు ఉండే చోట ఊపిరితిత్తుల పరీక్ష కూడా ఉంటుంది. మూర్ఛ, కళ్లు తిరగడం లాంటివి దాచకండి. ఎత్తులో, క్రేన్ దగ్గర, లోహాన్ని నొక్కి ఆకారం ఇచ్చే ప్రెస్ మెషిన్ దగ్గర అది మీ ప్రాణం మీదకి వస్తుంది. రిపోర్టుల కాపీ తప్పకుండా అడిగి తీసుకుని దాచుకోండి. ముఖ్యంగా వినికిడి పరీక్షది. చేరినప్పుడు మీ చెవులు ఎలా ఉన్నాయో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

## మొదటి వారాల్లో

అందరూ వేగంగా చేస్తున్నారు, నా వల్ల కావడం లేదు. తీసేస్తారేమో అని టెన్షన్‌గా ఉంది.

మొదటి వారాల్లో దాదాపు అందరికీ ఉండే భయమే ఇది. వెనకపడుతున్నానని చేతులు గబగబా ఆడించడం మొదలుపెడితే పీసులు పాడవుతాయి, వేళ్లకి దెబ్బలు తగులుతాయి. వేగం అనవసరమైన కదలికలు మానడం వల్ల వస్తుంది, చేతులు తొందరపడటం వల్ల రాదు. 1913లో ఫోర్డ్ కంపెనీ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే లైన్ పెట్టాక, ఒక కారు ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది దాదాపు గంటన్నరకి వచ్చింది. పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి, నడవడం, వెతకడం, వంగడం తగ్గించడంతోనే అంత తేడా వచ్చింది.

మీ లైన్‌లో నిదానంగా కనిపిస్తూనే టార్గెట్ పూర్తిచేసే ఒక మనిషి ఉంటారు. వారి చేతుల్ని చూడండి. నట్ల ట్రే ఎటువైపు పెట్టుకున్నారు, ఒక చేయి బిగిస్తుండగా రెండో చేయి ఏం చేస్తోంది, టూల్‌ని ఎక్కడ వదిలి ఎక్కడ అందుకుంటున్నారు? అవి పట్టుకుంటే మీ పనిలో తేడా త్వరగానే కనిపిస్తుంది. "నేను ఇంకా ఒంటరిగా చేయలేను, ఇంకొన్నాళ్లు పక్కన ఉండండి" అని చెప్పడానికి మొహమాటపడకండి. ఆ మాట చెప్పినవాళ్లని నిలబెట్టుకోవడమే కంపెనీకి లాభం.

రాసిన పద్ధతి ఒకటి, సీనియర్లు చేసేది ఒకటి. ఎవరి మాట వినాలి?

రాసిన పద్ధతి ప్రకారం చేయండి. తర్వాత సీనియర్‌ని మర్యాదగా అడగండి: "అన్నా, ఇందులో ఇలా ఉంది, మీరు అలా చేస్తున్నారు, ఎందుకు?" అని. చాలాసార్లు వారి దగ్గర బలమైన కారణమే ఉంటుంది. ఆ పద్ధతి రాసినవాళ్లు ఆ మెషిన్‌ని ఆ సీనియర్ అంతగా ఎరిగి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఆ కారణం సూపర్‌వైజర్ దాకా వెళ్లాలి, రాసిన కాగితం మారాలి. నోటి మాటగా మిగిలిపోతే, ఆ సీనియర్ రిటైరైన రోజున ఆ తెలివి కూడా గేటు దాటి పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. గార్డు తీసేయమన్నా, సెన్సర్‌కి టేపు అతికించమన్నా, రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదాన్ని చెక్కముక్కతో బిగించమన్నా చేయకండి. ఆ రెండు బటన్లూ పెట్టింది ప్రెస్ దిగేటప్పుడు మీ రెండు చేతులూ బయట ఉండాలనే.

5ఎస్ అంటూ రోజూ ఊడవమంటున్నారు, తుడవమంటున్నారు. నేను దీనికోసమా చేరింది?

అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవాటికి చోటు కేటాయించడం, తుడవడం, దాన్ని అందరికీ ఒకే పద్ధతి చేయడం, అలవాటుగా నిలబెట్టడం: జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఈ అయిదు మెట్లనే 5ఎస్ అంటారు. తుడిచే చేతికే కొత్త ఆయిల్ లీకు తగులుతుంది, వదులైన బోల్టు తగులుతుంది, చిట్లిన వైరు కనిపిస్తుంది. మెషిన్ పాడయ్యాక మెయింటెనెన్స్ వాళ్లు పట్టుకునేదాన్ని మీరు ముందే పట్టుకుంటారు. అయితే పెద్దవాళ్లు చూడటానికి వచ్చే రోజున మాత్రమే ఊడ్పించే ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అక్కడ మీ విసుగు న్యాయమైనదే.

## లైన్ మీద కుదురుకున్నాక

టార్గెట్ ఎవరు, ఎలా నిర్ణయిస్తారు? అందుకోలేకపోతే ఏం చేయాలి?

లెక్క సులువే. షిఫ్టులో విరామాలు పోగా 450 నిమిషాలు, అంటే 27,000 సెకన్లు మిగిలాయనుకోండి. కస్టమర్‌కి ఆ షిఫ్టులో 450 పీసులు కావాలంటే ఒక్కో పీసుకి 60 సెకన్లు. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. మీ పని ఆ 60 సెకన్ల లోపల అయిపోవాలి, కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఉండాలి.

అందుకోలేనప్పుడు చాలామంది తలవంచుకుని తిట్లు తింటారు. దాని బదులు రాయండి. ఏ సమయానికి మెటీరియల్ రాలేదు, ఎన్ని నిమిషాలు మెషిన్ ఆగింది, ఎప్పుడు టూల్ మార్చారు అన్నది అప్పటికప్పుడు షిఫ్ట్ షీటులో నమోదు చేయండి. "మెటీరియల్ లేటయింది" అంటే సాకులా వినిపిస్తుంది. "10:20 నుంచి 10:45 దాకా మెటీరియల్ లేదు" అని రాసి ఉంటే అది స్టోర్స్ వాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న అవుతుంది. పెద్ద కంపెనీలో ఉద్యోగికి కాగితం ఇచ్చే బలం మరేదీ ఇవ్వదు.

రోజంతా ఒకే పని. బుర్ర మొద్దుబారిపోతుందేమో?

ఈ విసుగు లైన్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఫోర్డ్ లైన్ మొదలైనప్పుడు కూడా జనం చేరుతూ, నిలబడలేక మానేస్తూ ఉండేవారు. 1914 జనవరిలో ఆ కంపెనీ రోజుకి 5 డాలర్ల వేతనం, 8 గంటల పని ప్రకటించడానికి అదొక పెద్ద కారణం. కాబట్టి విసుగు వస్తే మీలో లోపం ఉందనుకోకండి. లైన్‌లో పనులు మార్చుకునే రొటేషన్ ఉంటే తప్పకుండా అడగండి. మెదడుకే కాదు, ఒకే కండరం మీద భారం పడకుండా ఒంటికీ మంచిది.

చిన్న పనిలోనూ ఆలోచించడానికి చాలా ఉంటుంది. జపాన్‌లో షిగెయో షింగో అనే ఇంజనీరు 1961లో ఒక ఫ్యాక్టరీలో చూసిన సమస్య ఇది. ఒక స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి. కార్మికులు అప్పుడప్పుడూ ఒకటి మర్చిపోయేవారు. జాగ్రత్తగా ఉండమని ఎంత చెప్పినా మళ్లీ అదే జరిగేది. ఆయన చేసిన మార్పు ఒక్కటే: ముందు పెట్టెలోంచి రెండు స్ప్రింగులు తీసి చిన్న పళ్లెంలో పెట్టుకోవాలి, ఆ తర్వాతే స్విచ్‌లో అమర్చాలి. పళ్లెంలో ఒకటి మిగిలిందంటే మర్చిపోయినట్టే. పొరపాటు అక్కడే పట్టుబడుతుంది. పొరపాటుకి ముందే అడ్డుకట్ట వేసే, పోకా-యోకే అని ప్రపంచమంతా పిలిచే పద్ధతి అలాంటి మార్పులతోనే పెరిగింది. అలాంటి పళ్లెం మీ పనిలో ఎక్కడ పెట్టొచ్చో రోజూ ఆ పని చేసే మీకు తెలిసినంతగా ఆఫీసులో ఎవరికీ తెలియదు. సజెషన్ పెట్టెలో పేరు రాసి వేయండి.

నా చేతుల మీదుగా తప్పు పీస్ వెళ్లిపోయిందని అనుమానం. ఎవరూ చూడలేదు. చెప్పాలా?

చెప్పాలి, అదీ వెంటనే. లోపం మీ స్టేషన్‌లో దొరికితే ఒక్క పీసు పోతుంది. పెట్టెల్లోకి ఎక్కాక దొరికితే మొత్తం బ్యాచ్ విప్పి చూడాలి. వాడేవాళ్ల చేతికి చేరాక దొరికితే ఎవరికైనా దెబ్బ తగలొచ్చు. అది బ్రేకు భాగమో, కరెంటు పరికరమో అయితే ప్రాణమే పోవచ్చు. చెప్పేటప్పుడు వాళ్లకి కావలసినవి ఇవి: చివరిసారి మంచి పీసు ఎప్పుడు చూశారు, అనుమానం ఎప్పుడు వచ్చింది, ఏ బ్యాచ్ నంబరు. ఆ మధ్యలో తయారైనవన్నీ పక్కకి తీసి రంగు ట్యాగు వేస్తారు.

ఆ తర్వాత జరిగే మీటింగ్‌లో "ఎవరు చేశారు" దగ్గరే ఆగిపోయే కంపెనీలు లోపాన్ని ఎప్పటికీ పోగొట్టలేవు. "ఎందుకు" అని పదేపదే అడుగుతూ పోవాలి. రంధ్రం ఎందుకు పక్కకి పోయింది? పీసు కదిలింది. ఎందుకు? దాన్ని పట్టి ఉంచే క్లాంపు వదులైంది. ఎందుకు? ప్యాడ్ అరిగింది. ఎందుకు ఎవరూ చూడలేదు? వారానికోసారి చూసే చెక్‌లిస్టులో ఆ ప్యాడ్ లేదు. ఇప్పుడు మార్చాల్సింది చెక్‌లిస్టుని. ఆ మీటింగ్‌కి మిమ్మల్ని పిలిస్తే మౌనంగా కూర్చోకండి. ఆ క్లాంపుని రోజూ ముట్టుకునేది మీరే.

లైన్ ఆపే తాడు, బటన్ ఉంటాయి. నిజంగా నేను ఆపొచ్చా? తిట్టరా?

అవి ఉన్నది మీరు వాడటానికే. 1924లో జపాన్‌లో సకిచి టొయోడా ఆటోమేటిక్ మగ్గం తెచ్చాడు. దారం తెగితే అది తనంతట తనే ఆగిపోయేది. తెగిన దారంతో గజాల కొద్దీ పాడుబట్ట నేయడం కన్నా ఆగడమే మేలని ఆ మగ్గం చెప్పింది. ఆ ఆలోచనే తర్వాత టొయోటా కార్ల లైన్‌లోకి వచ్చింది. అక్కడ తాడు లాగగానే దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తారు. ఆ స్టేషన్ పని పూర్తయ్యే లోపల సమస్య తీరితే లైన్ ఆగదు. తీరకపోతేనే ఆగుతుంది.

మీ ఫ్యాక్టరీలో ఎవరు, ఏ కారణానికి ఆపొచ్చో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. మనిషికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, ఆపేయండి. ఆపినందుకు ఎవరైనా కసురుకుంటే "ఏం చూసి ఆపానో చెబుతాను, రాసుకోండి" అనండి.

ఓఈఈ శాతం తగ్గిందని బోర్డు మీద ఎర్రగా పెడతారు. అది ఏంటి?

మెషిన్ నడవాల్సిన సమయంలో ఎంతసేపు నడిచింది, నడిచినప్పుడు ఉండాల్సిన వేగంలో ఎంత వేగంతో నడిచింది, తయారైనవాటిలో మంచివి ఎన్ని అనే మూడింటినీ గుణిస్తే వచ్చేది. మూడూ 90 శాతం ఉన్నా చివరికి వచ్చేది 73 శాతమే. ఆ అంకె ఒక్క ఆపరేటర్ మీద తీర్పు కాదు, మెటీరియల్, మెయింటెనెన్స్, క్వాలిటీ అన్నీ అందులో కలిసే ఉంటాయి.

ఆడిట్‌లో ఆడిటర్ నేరుగా నన్నే ప్రశ్న అడిగితే?

మీరు రోజూ ఏం చేస్తారో అదే చెప్పండి. తెలియకపోతే "ఇది ఫలానా చోట రాసి ఉంటుంది, చూసి చెబుతాను" అని ఆ కాగితం తీసి చూపించండి. అది తప్పు జవాబు కాదు, మంచి జవాబే. మీ గేజ్ మీదున్న క్యాలిబ్రేషన్ స్టిక్కర్ (అది సరిగ్గా కొలుస్తోందని పరీక్షించినట్టు అతికించేది) తేదీ దాటిందేమో ఆడిట్ రోజున కాదు, ప్రతి షిఫ్టు మొదట్లోనూ చూసుకోండి.

## షిఫ్టులు, ఒంటి ఆరోగ్యం

నైట్ షిఫ్ట్ ఒంటికి పడటం లేదు. అలవాటైపోతుందంటారు, నిజమేనా?

పూర్తిగా అలవాటు కాదు. ఒంటిలోని గడియారం వెలుతుర్ని బట్టి నడుస్తుంది. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం బాగా పడిపోతాయి. పొరపాట్లకీ ప్రమాదాలకీ అనువైన సమయం అదే. ఖచ్చితమైన కొలతలు, బరువైన పనులు ఆ వేళకి పెట్టుకోకుండా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, రాత్రి షిఫ్టు పనిని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం అయ్యే వర్గంలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అందులోనే ఉంచింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. నిద్ర సరిపోవడం లేదని మీరు చెప్పేది బద్ధకం కాదని ఇంట్లోవాళ్లకీ, పై అధికారులకీ తెలియాలని చెబుతున్నాను.

పగటి నిద్రకి గది చీకటిగా ఉండాలి, మందపాటి తెర వేసుకోండి, ఫోను వేరే గదిలో పెట్టండి. కాఫీ తాగితే షిఫ్టు మొదటి సగంలోనే ఆపేయండి. విరామంలో ఒక ఇరవై నిమిషాల కునుకు తీయనిస్తే తీయండి. షిఫ్టు అయ్యాక కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో ముందుకు జరిగే షిఫ్టులు, వెనక్కి జరిగేవాటి కన్నా ఒంటికి తేలిక. మీ దగ్గర వెనక్కి జరిపితే మార్చమని కలిసి అడగండి.

మెషిన్ల చప్పుడు అలవాటైంది. ఇయర్ ప్లగ్ పెట్టుకోవాలా?

చప్పుడు అలవాటైంది అంటున్నారంటే కొంత వినికిడి ఇప్పటికే తగ్గి ఉండొచ్చు. పనిచేసే చోట్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికాలోని నియోష్ సంస్థ సిఫార్సు ప్రకారం రోజుకి 8 గంటలకి పరిమితి 85 డెసిబెల్స్. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ పరిమితి దాటినట్టే అనుకోండి. లోపలి చెవిలో పోయిన సన్నని కణాలు మళ్లీ పుట్టవు. ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోండి. చెవి అంచున వేలాడే ప్లగ్ వల్ల ఉపయోగం లేదు.

ఎంత బరువు ఎత్తొచ్చు?

అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా, అప్పుడప్పుడూ మాత్రమే ఎత్తేటప్పుడు, నియోష్ లెక్కలో పై హద్దు 23 కిలోలు. నేల మీద నుంచి, దూరంగా చేతులు చాచి, నిమిషానికి పలుమార్లు ఎత్తేటప్పుడు అది చాలా తగ్గుతుంది. నడుము నొప్పి మొదలవగానే ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో రాయించండి. ట్రాలీ, బరువు పైకెత్తే హాయిస్టు, ఎత్తు మార్చే బల్ల అడగండి. ఓర్చుకోవడం గొప్పతనం అనుకుని నడుములు పోగొట్టుకున్నవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఓటీ బాగా వస్తోంది. ఒప్పుకోవాలా?

అప్పుడప్పుడూ అయితే ఒప్పుకోండి. కానీ ఓటీ డబ్బుని లెక్కలో వేసుకుని అప్పు కిస్తీలు పెట్టుకోకండి. ఆర్డర్లు తగ్గగానే మొదట ఆగేది అదే. పరిశ్రమల్లో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అనే ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో, తన మొట్టమొదటి ఒప్పందంగా చేసింది. ఒంటికి విశ్రాంతి అవసరమని వందేళ్ల కిందటే ఒప్పుకున్నారు. మీ గంటలు మీరే చిన్న డైరీలో రాసుకుని, ప్రతి నెలా పే స్లిప్‌తో సరిచూసుకోండి.

## భద్రత

మెషిన్‌లో పీసు ఇరుక్కుంది. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చేయి పెట్టి తీయొచ్చా?

వద్దు. ఎమర్జెన్సీ స్టాప్ మెషిన్‌ని ఆపుతుంది కానీ కరెంటునీ, గాలి ఒత్తిడినీ, హైడ్రాలిక్ ఒత్తిడినీ పూర్తిగా తీసేయదు. ఎవరో అవతలి వైపు నుంచి రీసెట్ నొక్కొచ్చు. పైకి లేచి ఉన్న ప్రెస్ భాగం తన బరువుతోనే కిందికి దిగొచ్చు.

మెషిన్‌కి కరెంటు పూర్తిగా తెంచే మెయిన్ ఐసోలేటర్ స్విచ్ ఆపి, దానికి మీ సొంత తాళం వేసి, మీ పేరున్న ట్యాగు తగిలించి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోవాలి. మిగిలిన గాలి, నూనె ఒత్తిడి వదిలేయాలి. పైన ఆగి ఉన్న భాగానికి కింద అడ్డుకట్ట పెట్టాలి. ఆ తర్వాత స్టార్ట్ నొక్కి చూడాలి, మెషిన్ కదలకూడదు. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు, అయిదుగురు చేస్తుంటే అయిదు తాళాలు. ఇంకొకరి తాళం నమ్మి లోపలికి చేయి పెట్టకండి. ఈ పనికి మీకు శిక్షణ ఇవ్వకపోయి ఉంటే మెయింటెనెన్స్ వాళ్లని పిలవండి. పది నిమిషాల ఉత్పత్తి పోతుంది, పోనివ్వండి.

చేతి తొడుగులు ఎప్పుడూ వేసుకోవాలా?

పదునైన షీటు, వేడి వస్తువులు, రసాయనాలు పట్టుకునేటప్పుడు పనికి తగ్గ రకం వేసుకోవాలి. డ్రిల్, లేత్ లాంటి తిరిగే మెషిన్ల దగ్గర మాత్రం వేసుకోకూడదు. తొడుగు కొస చిక్కుకుంటే చేతినే లాగేస్తుంది. ఉంగరాలు, పొడుగు చేతుల చొక్కాలు, మెడలో వేలాడే ఐడీ కార్డు తాడు, వదులు జుట్టు విషయంలోనూ అంతే. కంప్రెస్డ్ ఎయిర్‌తో బట్టల మీద దుమ్ము దులుపుకోవడం కూడా ప్రమాదమే. కళ్లలోకి రజను వెళుతుంది, చర్మం కోసుకుపోయి ఉంటే గాలి లోపలికి దూరుతుంది.

త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని రిపోర్టు చేస్తే నా మీదకే వస్తుందేమో?

కొన్ని చోట్ల వస్తుంది, ఆ భయం ఉత్తిదని చెప్పను. అయినా రాయండి. ఈరోజు మీ పక్కన పడిన స్పానర్ రేపు ఇంకొకరి తల మీద పడుతుంది. మనుషుల పేర్లు లేకుండా, చోటు, సమయం, ఏం జరిగింది, ఏం మారిస్తే మళ్లీ జరగదు అన్నవి మాత్రమే రాయండి. సేఫ్టీ కమిటీలో కార్మికుల ప్రతినిధి ఉంటే వారి ద్వారా ఇవ్వండి.

ప్రమాదం అనిపిస్తే ఆ పని చేయనని చెప్పే హక్కు ఉందా?

ఉండాలన్నదే అంతర్జాతీయంగా ఒప్పుకున్న మాట. ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణమైన, తీవ్రమైన ప్రమాదం ఉందని నమ్మడానికి సరైన కారణం ఉండి పని నుంచి పక్కకి తప్పుకున్న కార్మికుణ్ణి అందుకు శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందం చెబుతుంది. సురక్షితమైన పని పరిస్థితులని 2022లో ఆ సంస్థ ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. మీ దేశం చట్టంలో ఇది ఎలా ఉందో తెలుసుకోండి. కాదని చెప్పేటప్పుడు కోపంగా కాకుండా వివరంగా చెప్పండి: "పైకి ఎక్కుతాను, కానీ బెల్టు తగిలించడానికి ఇక్కడ హుక్కు లేదు. హుక్కు పెట్టించండి, చేస్తాను." అప్పుడది మొండితనంగా ఎవరికీ కనిపించదు.

## మనుషులతో

సూపర్‌వైజర్ అందరి ముందూ తిడుతున్నారు. ఏం చేయాలి?

ఆ క్షణంలో ఎదురు తిరగకండి. షిఫ్టు అయ్యాక విడిగా కలిసి, "తప్పుంటే చెప్పండి సార్, నేర్చుకుంటాను. అందరి ముందూ అలా అనొద్దు" అని ఒక్కసారి చెప్పండి. మారకపోతే తేదీ, సమయం, అన్న మాటలు, అక్కడ ఎవరున్నారో రాసుకుని, రాతపూర్వకంగా పైకి ఇవ్వండి. కులం, మతం, ప్రాంతం, ఆడా మగా పేరుతో అవమానిస్తే ఆ మొదటి మెట్టు కూడా అక్కర్లేదు, నేరుగా ఫిర్యాదు చేయండి.

యూనియన్‌లో చేరితే చెడ్డపేరు వస్తుందా?

సంఘం పెట్టుకునే స్వేచ్ఛని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948 నాటి 87వ ఒప్పందం గుర్తిస్తుంది. చేరే ముందు ఆ యూనియన్ పోయిన వేతన ఒప్పందంలో ఏం సాధించిందో, కాంట్రాక్టు వాళ్ల గురించి మాట్లాడుతుందో లేదో చూడండి. సేఫ్టీ విషయంలో నిలబడే యూనియన్ అయితే నేను సందేహించకుండా చేరమంటాను.

అమ్మాయిలకి షాప్ ఫ్లోర్ ఉద్యోగం కుదురుతుందా?

కుదురుతుంది. చాలా లైన్లలో మంచి ఆపరేటర్లు వాళ్లే. ఇబ్బంది పనిలో కన్నా ఏర్పాట్లలో ఎక్కువ. షూస్, గ్లవ్స్, బెల్టులు మగవాళ్ల సైజులోనే తెప్పిస్తే అవి రక్షణ ఇవ్వవు, మీ సైజు కావాలని రాసి ఇవ్వండి. లైన్‌కి దగ్గరలో టాయిలెట్ ఉందా, రాత్రి షిఫ్టుకి రవాణా ఉందా అని చేరకముందే అడగండి. గర్భం వచ్చిందని తెలియగానే, సాల్వెంట్లు, సీసం, బరువులు ఉండే చోటైతే, ఆలస్యం చేయకుండా ఫ్యాక్టరీ డాక్టర్‌కి చెప్పి పని మార్పించుకోండి.

## ఎదగడం, మానేయడం

ప్రమోషన్ ఎలా వస్తుంది? నాకన్నా వెనక వచ్చినవాళ్లకి వచ్చేస్తోంది.

సర్వీసు ఒక్కటే చాలదు. మీ లైన్‌లో ఎన్ని స్టేషన్లు ఒంటరిగా చేయగలరో చూపించే స్కిల్ మ్యాట్రిక్స్ గోడ మీద ఉంటుంది. అందులో మీ పేరు పక్కన ఖాళీలు ఎక్కడున్నాయో చూసి అవి అడిగి నేర్చుకోండి. డ్రాయింగ్ చదవడం, కొలతలు హద్దుల్లో ఉన్నాయో లేదో చూపించే కంట్రోల్ చార్టు గీయడం, ఒక సమస్యని డేటాతో ఒక పేజీలో రాయడం వస్తే మిగతావాళ్లకన్నా ముందుంటారు. మీరు చేసిన మెరుగుదలలన్నీ తేదీలతో ఒక ఫైల్లో పెట్టుకుని, అప్రైజల్ రోజున ముందు పెట్టండి. అంతా చేసినా రాకపోతే "నాలో ఏం తక్కువైంది, ఎప్పటిలోగా పూర్తి చేయాలి?" అని రాతలో అడగండి.

రోబోలు వస్తున్నాయి. మా ఉద్యోగాలు ఉంటాయా?

ఒకే కదలికతో, ఒకే ఆకారంలో ఉండే పనులు, వెల్డింగ్, పెయింటింగ్, పెట్టెలు పేర్చడం లాంటివి చాలావరకు పోతున్నాయి. పొగలో, వేడిలో మనుషులు చేయాల్సిన పని తగ్గడం మంచిదే, కానీ ఆ మనుషులకి తర్వాతి పని నేర్పించే బాధ్యత కంపెనీది. రోబో వచ్చే ముందే ఆ శిక్షణ ఏదని అడగండి. రోబో పీసుని పట్టుకునే గ్రిప్పర్ అరిగిందని ఎలా కనిపెట్టాలి, సెన్సర్ ఎందుకు తప్పు చెబుతోంది, ప్రోగ్రాంలో పాయింటు ఎలా సరిచేయాలి అన్నవి నేర్చుకున్న పాత వెల్డరే కొత్త రోబో విభాగానికి సరైన మనిషి. మంచి వెల్డు ఎలా ఉంటుందో చూపుతోనే చెప్పగలిగేది వారే.

మానేస్తున్నాను. ఏం చూసుకోవాలి?

నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకమో ఈమెయిల్ జవాబో తీసుకోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, పే స్లిప్పులు, శిక్షణ సర్టిఫికెట్లు, ఆరోగ్య పరీక్షల రిపోర్టులు, మిగిలిన సెలవుల లెక్క అన్నీ గేటు పాసు వెనక్కి ఇవ్వకముందే చేతికి రావాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో హోదా ఒక్కటే రాస్తే సరిపోదు, ఏ మెషిన్ల మీద పనిచేశారో కూడా రాయమనండి. వెళ్లేముందు వినికిడి, ఊపిరితిత్తుల పరీక్ష ఒకసారి చేయించమని అడగండి. డ్రాయింగులు, కస్టమర్ వివరాలు ఫోన్‌లో ఉంటే తీసేయండి, అవి కంపెనీవి. మీ మెషిన్‌కి ఉన్న చిన్నచిన్న అలవాట్లు, ఎక్కడ చప్పుడు మారితే ఏమవుతుందో, మీ స్థానంలోకి వచ్చే మనిషికి ఒక కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లండి.